మే నెలలో నిలబడితేనే ఓవర్‌క్లాక్

ప్రాసెసర్ కూలర్ల రివ్యూల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలావరకు 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో కొలిచినవి. హైదరాబాద్‌లో అలాంటి గది డిసెంబరు, జనవరి నెలల్లో ఊరికే దొరుకుతుంది. మిగతా ఏడాదిలో చాలా రోజులు ఏసీ బిల్లు కడితేనే దొరుకుతుంది. మే నెలలో బయట 40 దాటిన రోజున, టాప్ ఫ్లోర్ ఫ్లాటులో రాత్రి పదింటికి కూడా గది 35, 36 దగ్గరే ఉండిపోవడం మామూలే. పగలంతా ఎండకు కాగిన స్లాబు రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతూ ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందే ఈ స్లాబుల వేడి తగ్గించాలని. మనిషికి ఉక్కపోస్తే బాల్కనీలోకి వెళ్తాడు. కంప్యూటర్‌కి ఆ వీలు లేదు.

ఓవర్‌క్లాకింగ్ మీద, అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగానికి మించి నడపడం మీద, దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చిప్పు చుట్టూనే తిరుగుతాయి: ఏ మోడల్, ఎంత వోల్టేజ్, ఎన్ని గిగాహెర్ట్జ్. ఇక్కడి ఎండలకు మాత్రం అసలు హద్దు గీసేది గది. జనవరిలో వారాల తరబడి చక్కగా నడిచిన సెట్టింగే ఏప్రిల్ చివర్లో బ్లూ స్క్రీన్ ఇస్తే చిప్పు పాడైందని కంగారు పడతారు. చాలాసార్లు పాడయ్యేది చిప్పు కాదు. జనవరిలో వేసిన లెక్క.

ఇంతకీ ఓవర్‌క్లాక్ చేయడమంటే ఏమిటి? ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. బేస్ క్లాక్ సాధారణంగా 100 మెగాహెర్ట్జ్ ఉంటుంది. దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే కోర్ వేగం వస్తుంది. మల్టిప్లయర్ 48 అయితే 4.8 గిగాహెర్ట్జ్, 51 చేస్తే 5.1. ఆ కొత్త వేగానికి ట్రాన్సిస్టర్లు అందుకోవాలంటే వోల్టేజ్ కూడా కాస్త పెంచాల్సి వస్తుంది. చిక్కంతా ఈ రెండో పనితోనే. ఇంటెల్‌లో పేరు చివర 'కె' ఉన్న ప్రాసెసర్, దానికి తోడు జెడ్ సిరీస్ మదర్‌బోర్డు ఉంటేనే మల్టిప్లయర్ మార్చనిస్తుంది. ఏఎండీ డెస్క్‌టాప్ రైజెన్‌లలో చాలావాటికి తాళం ఉండదు కానీ, ఏ520, ఏ620 లాంటి చవక చిప్‌సెట్ బోర్డుల మీద కుదరదు, బి (బి840 తప్ప) లేదా ఎక్స్ సిరీస్ కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనోయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ పిలిచే సీటీసీలో, కోటేషన్ రాయించుకునేటప్పుడు చూసుకోవాల్సిన మొదటి విషయం ఇదే. ఇంటెల్ 'కె' ప్రాసెసర్‌కి ఇంటెల్ బి సిరీస్ బోర్డు జత చేసిన బిల్లులో ఓవర్‌క్లాకింగ్ కోసం పెట్టిన డబ్బు వృథా.

ఒకప్పుడు ఈ పనిలో నిజంగానే లాభం ఉండేది. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ అసలు వేగం 300 మెగాహెర్ట్జ్. దాని బస్ వేగాన్ని, అంటే ఇప్పటి బేస్ క్లాక్ లాంటిదాన్ని, 66 నుంచి 100కి మారిస్తే చాలా చిప్పులు 450 దగ్గర హాయిగా నడిచేవి. ఏకంగా సగం వేగం అదనం. 2011 నాటి కోర్ ఐ5-2500కె టర్బోలో (భారం పడినప్పుడు చిప్పు తనంతట తానే పెంచుకునే వేగం) 3.7 గిగాహెర్ట్జ్ వరకు వెళ్ళేది. మంచి ఎయిర్ కూలర్ తగిలిస్తే 4.5 దాకా లాగడం పెద్ద విద్య కాదు. కంపెనీలు చిప్పులో వదిలిపెట్టిన ఆ ఖాళీని ఇప్పుడు ఫ్యాక్టరీలోనే వాడేస్తున్నాయి. కోర్ ఐ9-14900కె పెట్టెలోంచి తీసిన రోజే 6 గిగాహెర్ట్జ్ టర్బోతో వస్తుంది. కొనేవాడు కొత్తగా పిండుకోవడానికి మిగిలేది నూటికి ఐదో ఆరో. ఆ ఐదారు కోసం చెల్లించే మూల్యం వేడి రూపంలో ఉంటుంది కాబట్టి, ఆ లెక్క ఒకసారి కాగితం మీద చూడాలి.

వేగం ఆరు శాతం, వేడి ఇరవై తొమ్మిది

ప్రాసెసర్ ఖర్చు చేసే కరెంటు వేగానికి అనులోమంగా పెరుగుతుంది, వోల్టేజ్‌కి మాత్రం వర్గంలో పెరుగుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. 4.8 గిగాహెర్ట్జ్, 1.20 వోల్టుల దగ్గర ఒక చిప్పు 150 వాట్లు లాగుతోంది. దాన్ని 5.1కి తీసుకెళ్ళి, నిలబడటానికి 1.32 వోల్టులు ఇచ్చారు. వేగం పెరిగింది ఆరు శాతం చిల్లర. వోల్టేజ్ పది శాతం పెరిగింది కనుక దాని వర్గం 21 శాతం పెరుగుతుంది. రెండూ గుణిస్తే ఖర్చు దాదాపు 29 శాతం ఎక్కువ, అంటే 193 వాట్లు. ప్రాసెసర్ లాగిన ప్రతి వాటూ చివరికి వేడిగానే బయటికి వస్తుంది. పైగా సిలికాన్ వేడెక్కిన కొద్దీ లీకేజీ కరెంటు పెరుగుతుంది కాబట్టి, అదే వేగం, అదే వోల్టేజ్ దగ్గర కూడా వేడి చిప్పు ఇంకొన్ని వాట్లు ఎక్కువ తాగుతుంది. ఆ భాగాన్ని ఈ లెక్కలో కలపలేదు.

ఇప్పుడు కూలర్ సంగతి. ఎంత ఖరీదైనదైనా కూలర్ చేసేది ఒక్కటే, వేడిని చిప్పు నుంచి గాలికి చేరవేయడం. అందుకే కూలర్ సామర్థ్యాన్ని 'ఇన్ని డిగ్రీలు' అని కాకుండా 'చుట్టూ ఉన్న గాలి కంటే ఇన్ని డిగ్రీలు పైన' అని చూడాలి. మన ఉదాహరణలో కూలర్ 150 వాట్లకు చిప్పును గాలి కంటే 50 డిగ్రీలు పైన ఉంచుతుందనుకుందాం. అదే కూలర్ 193 వాట్లకు 64 డిగ్రీలు పైన ఉంచుతుంది. జనవరిలో గది 24 ఉంటే మామూలు సెట్టింగ్‌లో 74, ఓవర్‌క్లాక్‌లో 88. చూసినవాళ్ళు ఫర్వాలేదు అనుకుంటారు. మేలో గది 36 అయినప్పుడు మామూలు సెట్టింగ్ 86 దగ్గర ఉంటుంది. ఓవర్‌క్లాక్ సరిగ్గా 100కి చేరుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావాటికి 100 డిగ్రీలే గరిష్ఠ హద్దు. అక్కడికి చేరగానే చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. 5.1 కోసం ఇంత శ్రమపడి, మధ్యాహ్నం పూట అంతకంటే తక్కువ వేగంలో నడుపుకోవడం అన్నమాట.

ఈ లెక్క గది గాలి నేరుగా కూలర్‌కి అందితేనే. మన ఇళ్ళలో ఇంకో మెలిక ఉంది. చాలా ఇళ్ళలో ఉండే చెక్క కంప్యూటర్ టేబుల్‌కి కుడివైపు కింద క్యాబినెట్ పెట్టడానికి ఒక అర ఉంటుంది. మూడు వైపులా ప్లైవుడ్, వెనకాల వైర్లు పోవడానికి గుండ్రటి రంధ్రం, ముందు కొన్నిసార్లు ఒక తలుపు కూడా. వెనక ఫ్యాను వదిలిన వేడిగాలి ఆ ప్లైవుడ్‌కి కొట్టుకుని పక్క నుంచి తిరిగి ముందుకు వస్తుంది, ముందు ఫ్యాను దాన్నే మళ్ళీ లోపలికి పీలుస్తుంది. గంటసేపు గేమ్ ఆడాక ఆ అరలో చెయ్యి పెడితే తెలిసిపోతుంది. కూలర్‌కి అందే గాలి ఏడు డిగ్రీలు వేడెక్కితే చిప్పు ఉష్ణోగ్రత కూడా దాదాపు అంతే పెరుగుతుంది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. క్యాబినెట్‌ని ఆ అరలోంచి తీసి టేబుల్ పక్కన, గోడకు జానెడు దూరంలో, చిన్న స్టూలు మీద పెట్టడానికి పైసా ఖర్చు లేదు. ఇలాంటి ఇంట్లో కొత్త కూలర్ కొనే ముందు చేయాల్సిన పని ఇదే.

క్యాబినెట్ల విషయంలో ఫ్యాషన్ కూడా కొంత చెడగొట్టింది. ముందంతా గాజు పలక, లోపల రంగురంగుల లైట్లు, గాలి రావడానికి పక్కన సన్నటి సందు. పైన పటారం, లోన లొటారం. ముందు భాగం మెష్‌తో ఉన్న సాదా క్యాబినెట్ చూడటానికి అంత బాగుండదు కానీ, లోపలి గాలి గది గాలికి దగ్గరగా ఉంటుంది. దుమ్ము ఎక్కువ పడుతుందన్న మాట నిజమే. పక్క ప్లాటులో అపార్ట్‌మెంట్ కడుతున్నారంటే ఇక చెప్పనక్కర్లేదు. మెష్ వెనక ఫిల్టర్‌ని నెలకోసారి తీసి దులుపుకోవాలి, అంతే. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో ఆపి పట్టుకోవాలి. లేదంటే అది తన హద్దుకు మించి తిరిగి బేరింగ్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

లిక్విడ్ కూలర్, గది కూలర్, ఏసీ

ఎయిర్ కూలర్ సరిపోలేదనగానే లిక్విడ్ కూలర్ మాట వస్తుంది. 240, 360 మిల్లీమీటర్ల రేడియేటర్‌తో వచ్చే ఈ సెట్లు ఎక్కువ వాట్లను మోయగలవు, సందేహం లేదు. కానీ రేడియేటర్ కూడా గది గాలికే వేడిని వదలాలి. 36 డిగ్రీల గదిలో ఆ నీళ్ళు 36 కంటే చల్లబడటం అసాధ్యం. ఇంకో తేడా గమనించాలి. నీళ్ళు వేడెక్కడానికి సమయం పడుతుంది కనుక మొదటి పది నిమిషాల టెస్టులో లిక్విడ్ కూలర్ అద్భుతంగా కనిపిస్తుంది, అసలు అంకె అరగంట తర్వాత బయటపడుతుంది. బిగించేటప్పుడు లోపలి గాలిబుడగ పంపులోకి చేరకుండా, రేడియేటర్ పైభాగం పంపు కంటే ఎత్తులో ఉండాలి. ప్రపంచ రికార్డుల వాళ్ళు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి నడిపే అంకెలకు ఇంటి కంప్యూటర్‌తో సంబంధం లేదు. అవి కాసేపు నిలిచే వేగాలు.

ఇక నీళ్ళు పోసి నడిపే గది కూలర్లు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇవి బాగా పనిచేస్తాయి, ఎదురుగా కిటికీ తెరిచి ఉంటే గది నాలుగైదు డిగ్రీలు దిగుతుంది. ఆ మేరకు ప్రాసెసర్‌కీ మేలే. కానీ 'తేమ వల్ల కంప్యూటర్ లోపల నీళ్ళు కమ్ముతాయి' అని భయపడేవాళ్ళున్నారు. ఆ భయానికి ఆధారం లేదు. తేమ చుక్కగా మారేది గాలి కంటే చల్లగా ఉన్న వస్తువు మీద. నడుస్తున్న కంప్యూటర్‌లో ప్రతి భాగమూ గాలి కంటే వేడిగానే ఉంటుంది. అసలు ప్రమాదం వేరు. చాలా ఇళ్ళలో కూలర్లో పోసేది ఉప్పు శాతం ఎక్కువున్న బోరు నీళ్ళు. కూలర్ ప్యాడ్ల మీద నుంచి కొట్టుకొచ్చే సన్నటి తుంపర ఎండిపోయాక ఆ ఉప్పు మిగులుతుంది. తడి గాలికి దుమ్ము కూడా హీట్‌సింక్ రెక్కల మధ్య మెత్తటి పొరలా అంటుకుపోతుంది, ఊదినా రాదు. కాబట్టి కూలర్ గాలి మనుషుల మీదికి తిప్పుకోవాలి కానీ క్యాబినెట్ మీదికి కాదు. వర్షాకాలంలో గాలిలో తేమ పెరిగాక ఈ కూలర్ వల్ల ప్రాసెసర్‌కి దాదాపు ఏ ప్రయోజనమూ ఉండదు.

ఏసీ ఉంటే గది సమస్య తీరినట్టే, బిల్లు మాత్రం రెండు చోట్ల పెరుగుతుంది. ఓవర్‌క్లాక్ వల్ల కంప్యూటర్ మొత్తం మీద 50 వాట్లు ఎక్కువ లాగుతోందనుకుంటే, రోజుకు ఆరు గంటల చొప్పున నెలకు తొమ్మిది యూనిట్లు. ఆ 50 వాట్ల వేడిని గదిలోంచి తోడటానికి ఏసీ తాగేది దీనికి అదనం. రూపాయల్లో పెద్ద మొత్తం కాకపోవచ్చు కానీ, వేసవిలో కరెంటు బిల్లు ఎలాగూ పై రేటు స్లాబుకి ఎగబాకే ఇంట్లో ఆ యూనిట్లు కూడా పై రేటుకే పడతాయి.

ఎవరికి అవసరం?

గేమ్ ఆడేవాళ్ళకు, ముఖ్యంగా 1440పి, 4కె మానిటర్ల మీద, ఫ్రేములు ఆగిపోయేది చాలావరకు గ్రాఫిక్స్ కార్డు దగ్గర. ప్రాసెసర్‌కి 300 మెగాహెర్ట్జ్ కలిపినా స్క్రీన్ మీద తేడా కనబడదు. ప్రాసెసర్ మీద గంటల తరబడి పూర్తి భారం పడేది వేరేవాళ్ళకి. పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోలనే తీసుకుంటే, వాళ్ళకు ముహూర్తాలు దండిగా ఉండే సీజన్, ఎండలు మండిపోయే సీజన్ ఒకటే. సంగీత్, పెళ్ళి, రిసెప్షన్ కలిపి 4కె ఫుటేజీ, సాయంత్రం రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియోగా తయారుచేసే పని) పెట్టి ఇంటికెళ్తే పొద్దున్నకి అయిపోవాలి. షట్టర్ దించేస్తే గాలాడదు. అలాంటి గదిలో ఓవర్‌క్లాక్ చేసిన ప్రాసెసర్ రాత్రి రెండింటికి క్రాష్ అయితే పొద్దున్న కస్టమర్‌కి ఫోన్ చేసి చెప్పుకోవాల్సి వస్తుంది. రెండర్‌లో ఆరు శాతం అంటే పది గంటల పనిలో అరగంట పైచిలుకు మిగులు. ఒక్క క్రాష్‌కి పోయేది రాత్రంతా. ఈ పనికి ఓవర్‌క్లాకింగ్ తగదని చెప్పడానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు.

క్రాష్ అయితే కనీసం తెలుస్తుంది. వోల్టేజ్ సరిపోని చిప్పు ఒక్కోసారి క్రాష్ కాకుండా తప్పు లెక్క చేసి ఊరుకుంటుంది. జిప్ ఫైలు తెరుచుకోదు, ప్రోగ్రామ్ కంపైల్ మధ్యలో అర్థం కాని ఎర్రర్‌తో ఆగుతుంది, మళ్ళీ కొడితే సాఫీగా అయిపోతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో 'WHEA-Logger' అనే పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్లు నమోదవుతున్నాయేమో చూడటం అలవాటు చేసుకోవాలి. ఇవి కనబడితే ఆ సెట్టింగ్ ఎన్ని టెస్టులు పాసైనా దించాల్సిందే.

సరదా కొద్దీ చేయాలనుకునేవాళ్ళు ఉంటారు, వాళ్ళని ఆపేదేమీ లేదు. చేసేదేదో నడి వేసవిలో, మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, ఏసీ ఆపి చేయాలి. ఆ గంటలో నిలబడ్డ సెట్టింగ్ ఏడాదంతా నిలబడుతుంది. మల్టిప్లయర్ ఒక్కొక్క అంకె చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గరా సినిబెంచ్ అనే పరీక్ష ప్రోగ్రామ్‌ని అరగంట లూపులో నడిపి, కొలతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత, వోల్టేజ్ చూసుకోవాలి. అసలు సినిమాకి ముందు కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో కూడా చూడాలి. నవ్వులాటగా ఉంటుంది కానీ, కొత్త కంప్యూటర్ 95 డిగ్రీలు చూపిస్తోందన్న ఫిర్యాదుల్లో ఈ కారణం ఇప్పటికీ తగులుతుంది. రైజెన్ 7000 సిరీస్ వాళ్ళు మాత్రం 95 చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఆ ప్రాసెసర్లు పూర్తి భారంలో 95 వరకు వెళ్ళి, అక్కడ వేగాన్ని సర్దుకునేలా తయారైనవే. ఎక్స్3డి రకాలకు ఆ హద్దు ఇంకా తక్కువ, 7800ఎక్స్3డికి 89.

రైజెన్‌లో అన్ని కోర్లనూ ఒకే వేగానికి బిగించడం నష్టదాయకం కూడా కావచ్చు. 5800ఎక్స్ లాంటి చిప్పు ఒకటి రెండు కోర్ల పనిలో తనంతట తానే 4.7 గిగాహెర్ట్జ్ ముట్టుకుంటుంది. అన్ని కోర్లనూ 4.5 దగ్గర బిగిస్తే రెండర్ కాస్త పెరిగి, రోజువారీ పనుల్లో చురుకుదనం తగ్గుతుంది.

హైదరాబాద్ ఇళ్ళకు నిజంగా పనికొచ్చేది దీనికి ఎదురుదారి, వోల్టేజ్ తగ్గించడం. పై ఉదాహరణలోని చిప్పునే 4.8 దగ్గర ఉంచి, 1.20కి బదులు 1.12 వోల్టులతో నిలబెట్టగలిగితే ఖర్చు 150 నుంచి 131 వాట్లకు దిగుతుంది. 36 డిగ్రీల గదిలో 86 ఉండాల్సింది 80 అవుతుంది, వేగం ఇసుమంత కూడా తగ్గదు. ఏఎండీలో కర్వ్ ఆప్టిమైజర్‌ని నెగెటివ్‌లో పెట్టడం ఇదే పని. రైజెన్ 7000లో బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగ్‌ల మెనూ) నుంచే ఎకో మోడ్ పెట్టుకుని వాట్లను కుదించే వీలుంది. ఇంటెల్‌లో పవర్ లిమిట్ అంకె చూడాలి. చాలా బోర్డులు ఆ లిమిట్‌ని డిఫాల్ట్‌గానే ఎత్తేసి పంపేవి, కొన్నవాడికి తెలియకుండానే అది ఒకరకం ఓవర్‌క్లాక్. కోర్ ఐ9-13900కెకి ఇంటెల్ చెప్పిన టర్బో లిమిటే 253 వాట్లు. 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల క్రమంగా అస్థిరమయ్యాయని తేలాక, ఇంటెల్ 2024 ఆగస్టు, సెప్టెంబరులలో మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రామ్) మార్పులు విడుదల చేసి వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఈ తరాల ప్రాసెసర్ ఉన్నవాళ్ళు ఏ సెట్టింగూ ముట్టుకోకముందే ఆ మార్పులున్న బయోస్ అప్‌డేట్ చేసుకోవాలి. వోల్టేజ్ తగ్గించడంలోనూ స్థిరత్వం పరీక్ష తప్పదు, మితిమీరి దించితే అవే తప్పుడు లెక్కలు వస్తాయి.

ఆయుష్షు మాటకొస్తే, చిప్పులోని సన్నటి లోహపు తీగల్లో కరెంటు ప్రవాహం పరమాణువులను నెమ్మదిగా తోసుకుపోతుంది. 1969లో జేమ్స్ బ్లాక్ ఇచ్చిన సమీకరణం ప్రకారం ఈ అరుగుదల కరెంటు సాంద్రతతోనూ, ఉష్ణోగ్రతతోనూ వేగంగా పెరుగుతుంది. వేడి ఒక్కటే ఉంటే చిప్పు థ్రాటిల్ అయి కాపాడుకుంటుంది. ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ కరెంటు, ఎక్కువ వేడి కలిసి ఏళ్ళ తరబడి ఉంటేనే ముప్పు.

మరిచిపోయే ఇంకో భాగం యూపీఎస్. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. ఓవర్‌క్లాక్ చేసిన 193 వాట్ల ప్రాసెసర్, 220 వాట్ల గ్రాఫిక్స్ కార్డు కలిస్తేనే అది దాటిపోతుంది, మానిటర్ లెక్కలోకి రాకముందే. కరెంటు ఉన్నంతసేపూ ఈ లోటు తెలియదు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఈదురుగాలి లేచి లైను ట్రిప్ అయిన క్షణాన యూపీఎస్ కుయ్యిమని అరిచి అదీ ఆగిపోతుంది, సేవ్ చేసుకునే వ్యవధి కూడా ఇవ్వదు. ఓవర్‌క్లాక్ అలాగే ఉంచాలనుకుంటే 1000 వీఏ యూపీఎస్ ఖర్చు కూడా కలుపుకోవాలి. అన్‌లాక్డ్ ప్రాసెసర్, జెడ్ బోర్డు, పెద్ద కూలర్, ఈ యూపీఎస్, నాలుగింటి అదనపు ధరలు ఒకే కాగితం మీద కూడి, ఆ మొత్తం పెట్టి తాళం ఉన్న పై మోడల్ ప్రాసెసర్ మామూలు బోర్డుతో ఎంతకు వస్తుందో సీటీసీలో అదే కౌంటర్ దగ్గర అడిగి చూడొచ్చు.